లక్షన్నర కట్టాలా, గిండీ బస్సెక్కాలా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా. తాతగారి కాలంలోనే చెన్నై వచ్చి పెరంబూరులో స్థిరపడ్డాం. ఇక్కడి ప్రభుత్వ కళాశాలలో ప్లాంట్ బయాలజీ అండ్ ప్లాంట్ బయోటెక్నాలజీ బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాక ఇందులో చేరాను. నిజం చెప్పాలంటే మొక్కలంటే నాకు పెద్ద పిచ్చి ఏమీ లేదు. ప్రాక్టికల్స్ మాత్రం ఇష్టం. సూక్ష్మదర్శినిలో చూడడానికి కోసే పలచని ముక్క, అదే సెక్షన్, బాగా వచ్చిన రోజు ఇంటికి వెళ్లి అమ్మకు చెబుతాను. మద్రాసు విశ్వవిద్యాలయం గిండీ ప్రాంగణంలో ఎమ్మెస్సీ బోటనీ చేయాలని ఉంది. మా మావయ్య "బోటనీ చదివి తోటమాలి పని చేస్తావా" అంటున్నారు. ఒక ప్రైవేటు డీమ్డ్ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి ఏడాదికి లక్షన్నర తానే కట్టి చేర్పిస్తారట. నాన్నగారు ఇంకో నాలుగేళ్లలో రిటైర్ అవుతారు. తమ్ముడు ఇంకా స్కూల్లోనే ఉన్నాడు. నాకు తమిళం మాట్లాడడం బాగా వచ్చు, రాయడం అంతంతమాత్రం. ఏం చేయమంటారు? ఇంకొక సంగతి. మా క్లాసులో చాలామంది హెర్బేరియం షీట్లు (ఎండబెట్టిన మొక్కలను అంటించిన కాగితాలు) బయట కొని ఇచ్చేస్తున్నారు. నేనూ అలాగే చేస్తే తప్పా?
– ఒక విద్యార్థిని, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మాయీ, మొక్కలంటే పిచ్చి లేదని సంజాయిషీ ఇచ్చుకున్నావు. ఆ అవసరం లేదు. బాల్కనీలో గులాబీ కుండీలు పెట్టుకుని మురిసిపోయేవాళ్లందరూ వృక్షశాస్త్రానికి పనికివస్తారని నేను అనుకోను. లేత కాండాన్ని బ్లేడుతో పలచగా కోయాలని అరగంట తంటాలు పడి, పాతిక ముక్కల్లో ఒకటి నిండుగా వస్తే దాన్ని సాఫ్రనిన్ అనే ఎర్ర రంగులో ముంచి, నీరు, ఆహారం మోసే నాళికా పుంజాలు ఎర్రగా తేలగానే ఇంటికి వెళ్లి అమ్మకు చెప్పే పిల్ల మాత్రం తప్పకుండా పనికివస్తుంది. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే విలువైన వాక్యం అదే. నువ్వేమో దాన్ని మధ్యలో ఎక్కడో ఇరికించావు.

ఇక సూటిగా చెబుతాను. ఆ లక్షన్నర కట్టవద్దు. గిండీకి దరఖాస్తు పెట్టు. అయితే కళ్లు మూసుకుని చేరిపోవద్దు.

ముందు మావయ్యగారి మాట చూద్దాం. ఆయనకు నీ మంచి తప్ప వేరే ఉద్దేశం ఉండదు. బయోటెక్నాలజీ అన్న పేరు వినగానే ఆయన కళ్లముందు తెల్లకోటు, ఏసీ గది, జీతం కనిపిస్తాయి. బోటనీ అంటే కుండీలు, మట్టి. చిత్రమేమిటంటే నీ బీఎస్సీ పేరులోనే బయోటెక్నాలజీ ఉంది. మద్రాసు విశ్వవిద్యాలయం తన అనుబంధ కళాశాలల్లో పాత బోటనీ డిగ్రీకి ఆ పేరు పెట్టింది కాబట్టే అది నీకూ వచ్చింది. డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ యంత్రం నడపడం, డీఎన్ఏ ముక్కలను వేరుచేసే జెల్ పోయడం, మొక్కల కణాలకు ఆహారమైన మురాషిగే-స్కూగ్ మాధ్యమం కలిపి టిష్యూ కల్చర్ సీసాలు పెట్టడం లాంటివి మంచి ప్రయోగశాలలో బుద్ధిగా కూర్చుంటే కొన్ని నెలల్లో పట్టుబడతాయి. వాటికోసం రెండేళ్లు, మూడు లక్షలు అక్కర్లేదు. మొక్కను చూసి అది ఏ కుటుంబం, ఏ ప్రజాతి, ఏ జాతి అని పూచీ పడి చెప్పగలగడం మాత్రం నెలల్లో రాదు. అది చెప్పగలిగేవాళ్లు దేశంలో తగ్గిపోతున్నారు. పాతతరం రిటైర్ అవుతోంది, కొత్తవాళ్లు యంత్రాల వైపు వెళ్లిపోతున్నారు.

దీనికి విలువ ఎక్కడుందో తెలియాలంటే ఒక శనివారం పార్క్ టౌన్‌లోని రాసప్ప చెట్టి వీధికి వెళ్లు. నాటు మందుల దుకాణాలు వరసగా ఉంటాయి. అశోక బెరడు కావాలని అడుగు. మందుకు వాడవలసింది సారకా అశోకా అనే చెట్టు బెరడు. నారింజ రంగు పూలు గుత్తులుగా పూసే ఈ చెట్టు అడవుల్లో అరుదైపోయింది. గిరాకీ మాత్రం తగ్గలేదు. అందుకని దాని స్థానంలో చెన్నై వీధుల పొడవునా స్తంభంలా నిలబడే ఆ పొడుగు చెట్టు బెరడును కలిపి అమ్మడం ఎప్పటినుంచో ఉన్న కల్తీ. దాన్ని మనవాళ్లు నరమామిడి అంటారు, చాలామంది దాన్నే అశోకచెట్టు అనుకుంటారు. నరమామిడి సీతాఫలం కుటుంబానిది, అసలు అశోకమేమో చింత, తంగేడు ఉండే చిక్కుడు కుటుంబానిది. బెరడు ఎండి ముక్కలయ్యాక కంటికి రెండూ ఒకటే. పలచని సెక్షన్ కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే తేడా బయటపడుతుంది. నీకు ఇష్టమైన పని అదే కదా!

"ఇప్పుడు డీఎన్ఏ బార్‌కోడ్‌తో అన్నీ తెలిసిపోతాయి" అని, అంటే చిన్న డీఎన్ఏ ముక్క చదివి జాతి చెప్పేయవచ్చని, ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న అడుగు. ఆ బార్‌కోడ్‌ను దేనితో పోల్చి చూస్తారు? ఎవరో ఒకరు సరిగ్గా గుర్తించి, ఎండబెట్టి, షీటుకు అంటించి, లేబుల్ రాసి హెర్బేరియంలో దాచిన నమూనాతోనే. ఆ నమూనా పేరు తప్పైతే యంత్రం కూడా అంతే ధీమాగా తప్పు చెబుతుంది.

ఈ పనికి జీతం ఇచ్చేవాళ్లు నీ ఊళ్లోనే ఉన్నారు. అరుంబాక్కంలో సిద్ధ కేంద్ర పరిశోధన సంస్థ, తాంబరం శానటోరియంలో జాతీయ సిద్ధ సంస్థ ఉన్నాయి. మందుల ముడిసరుకును పరీక్షించే పని అక్కడ నిత్యం ఉంటుంది. మూలికా మందుల కంపెనీల నాణ్యతా విభాగాలకూ ఇలాంటివాళ్లు కావాలి. ఇంకొక దారి ఉంది, దాని గురించి కళాశాలల్లో ఎవరూ చెప్పరు. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం గనులు, ఓడరేవులు, రహదారుల వంటి పెద్ద ప్రాజెక్టులు అనుమతికి ముందు నివేదిక ఇవ్వాలి. అక్కడున్న చెట్టూ చేమా జాబితా వేయడానికి కన్సల్టెన్సీలకు మొక్కలు గుర్తుపట్టగలిగినవాళ్లు కావాలి. పని ఎండలో ఉంటుంది, ఒత్తిడి ఉంటుంది, ఫలానా మొక్క పేరు జాబితాలో లేకపోతే బాగుండునని కోరుకునే క్లయింట్లూ తగులుతారు. అయినా అది గౌరవమైన ఉద్యోగమే.

తోటమాలి అన్నమాట గురించి ఒక్క ముక్క. మంచి తోటమాలికి తెలిసినంత మొక్కల సంగతి తెలిసిన ఎమ్మెస్సీలు తక్కువ. అది తిట్టు కాదని మావయ్యగారికి నువ్వు చెప్పనక్కర్లేదు, మనసులో పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు గిండీ. మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టింది. దాని వృక్షశాస్త్ర ఉన్నత అధ్యయన కేంద్రం గిండీ ప్రాంగణంలో ఉంది. శైవలాల (నాచు మొక్కల) పాఠంలో ఫ్రిట్షియెల్లా చదివావు కదా, నేలమీద పాకే తంతువులు, పైకి లేచే తంతువులు రెండూ ఉన్న ఆ చిన్న ఆకుపచ్చ జీవి? దానికి 1932లో ఆ పేరు పెట్టిన ఎం.ఓ.పి. అయ్యంగార్ ఈ విభాగానికి మొదటి డైరెక్టర్. తర్వాత వచ్చిన టి.ఎస్. సదాశివన్ పత్తి ఎండు తెగులులో ఫంగస్ విడుదల చేసే విషపదార్థాల మీద చేసిన పని పేరు పొందింది.

నాకు వీళ్లందరికంటే దగ్గరగా అనిపించేది జానకీ అమ్మాళ్. 1897లో తలశ్శేరిలో పుట్టి, చదువు కోసం మద్రాసు వచ్చి క్వీన్ మేరీస్‌లో, ప్రెసిడెన్సీలో చదివింది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకుంది. కోయంబత్తూరులో చెరకు క్రోమోజోముల మీద పనిచేసింది. ఇంగ్లండులో శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల సంఖ్యలను ఒక గ్రంథంగా 1945లో వెలువరించింది. స్వతంత్ర భారతం పిలిస్తే తిరిగివచ్చి బొటానికల్ సర్వే పునర్నిర్మాణంలో పాల్గొంది. చివరి ఏళ్లు గడిపింది ఈ గిండీ కేంద్రానికి మధురవాయిల్‌లో ఉన్న క్షేత్ర ప్రయోగశాలలో. 1984లో కన్నుమూసేవరకూ అక్కడ మందుమొక్కలు పెంచుతూ పనిచేస్తూనే ఉంది. పెళ్లి చేసుకోలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. మధురవాయిల్ ఇప్పుడు ఫ్లైఓవర్లు, లారీలు, ట్రాఫిక్. అటు వెళ్లినప్పుడల్లా ఆమె గుర్తుకు వస్తుంది నాకు.

అయితే ఇదంతా గతం. అయ్యంగార్ వచ్చి నీకు పాఠం చెప్పడు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల రోగాలు నీకు తెలియనివి కావు. ఖాళీ అయిన అధ్యాపకుల పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కావు, పరికరం పాడైతే బాగుచేయడానికి డబ్బు మంజూరు కాదు, ఫలితాలు ఆలస్యమవుతాయి. అందుకే చేరేముందు ఒక పనిదినం చూసుకుని స్వయంగా వెళ్లు. ఆఫీసులో అడగవద్దు, రెండో ఏడు ఎమ్మెస్సీ విద్యార్థులను క్యాంటీన్‌లో పట్టుకో. హెర్బేరియం గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అడిగితే ఇస్తారా? ఆవిరితో పరికరాలను శుద్ధిచేసే ఆటోక్లేవ్ పనిచేస్తోందా? క్షేత్ర పర్యటనకు ఎక్కడికి తీసుకెళ్లారు, అక్కడ గుర్తించడం నేర్పారా, ఫొటోలు దిగి వచ్చారా? అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న, ప్రాజెక్టులు విభాగంలోనే చేస్తున్నారా? ఈ నగరంలో డబ్బు కట్టించుకుని ఎమ్మెస్సీ ప్రాజెక్టు "చేసిపెట్టే" ప్రైవేటు ల్యాబులు ఉన్నాయి. నెలరోజులు పక్కన నిలబడితే బైండు చేసిన పుస్తకం చేతికి వస్తుంది. ఎక్కువమంది విద్యార్థులు అటే పోతున్నారంటే ఆ విభాగం పేరు ఎంత గొప్పదైనా అనుమానించాలి. మావయ్యగారు చెప్పిన చోటుకూ వెళ్లి ఇవే ప్రశ్నలు అడుగు. అక్కడ జవాబులు మెరుగ్గా ఉంటే నా సలహా మార్చుకుంటాను. ఉండవనే నా అంచనా.

గిండీ ఒక్కటే చాలదు, ఇంకో రెండు దరఖాస్తులు పెట్టు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగం గట్టిది. కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి నువ్వు చెన్నైలో చదివావా, కడపలో చదివావా అన్న స్థానికత పేచీ ఉండదు. బయోటెక్నాలజీ మీద నీకే మనసుంటే దానికీ ప్రభుత్వ దారి ఉంది. గ్యాట్-బి పరీక్ష రాస్తే కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే ఎమ్మెస్సీలలో సీటు, నెలనెలా భృతి వస్తాయి. వాళ్లే డబ్బిచ్చి చదివించే కోర్సు ఉండగా, మనం లక్షన్నర ఎందుకు కట్టాలి? ఈ మాట మావయ్యగారికి బాగా పడుతుంది, ఇలాగే చెప్పు.

ఇంటి సంగతికి వస్తాను. నాన్నగారికి నాలుగేళ్లు ఉన్నాయి. ఎమ్మెస్సీకి రెండేళ్లు పోతాయి. మిగిలిన రెండేళ్లలో నీ కాళ్లమీద నువ్వు నిలబడాలి. సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉండగానే రాయవచ్చు. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన భృతి వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. చెన్నైలో కొత్తగా ఉద్యోగంలో చేరిన చాలామంది ఇంజినీర్ల జీతం అంత ఉండదు. కాకపోతే ఆ లైఫ్ సైన్సెస్ పేపరు నిండా అణుజీవశాస్త్రం, జీవరసాయనం, జన్యుశాస్త్రం. ఆకులు గుర్తుపడతానులే అని వాటిని వదిలేసిన బోటనీ పిల్లలే అక్కడ దెబ్బతింటారు. మొదటి సెమిస్టర్ నుంచే రోజుకు గంట వాటికి ఇవ్వు. గేట్ లైఫ్ సైన్సెస్ కూడా రాయి. అందులో కెమిస్ట్రీ తప్పనిసరి, మిగతా రెండు విభాగాల్లో బోటనీ ఎంచుకోవచ్చు.

జేఆర్ఎఫ్ రాకపోతే బీఈడీ ఉంది. ఎమ్మెస్సీ, బీఈడీ ఉంటే హయ్యర్ సెకండరీ పాఠశాలల్లో బోటనీ టీచరు పోస్టుకు పోటీ పడవచ్చు. అటవీశాఖ ఇంకొకటి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు బోటనీ డిగ్రీ అర్హతే, పోస్టులు మాత్రం ఈమధ్య దేశం మొత్తానికి ఏటా 150 అటూఇటూ. తమిళనాడు అటవీశాఖలోనూ బోటనీ డిగ్రీకి తలుపులున్నాయి. బంధువులు ఒకటి మాత్రం కలగాపులగం చేస్తారు, "అగ్రికల్చర్ ఆఫీసర్ అవుతావా" అని అడుగుతారు. ఆ పోస్టుకు బీఎస్సీ అగ్రికల్చర్ కావాలి. ఆ దారి నీకు లేదు. దానికోసం ఆశపడి ఏళ్లు పోగొట్టుకోవద్దు.

ఈ రాష్ట్రంలో ప్రభుత్వోద్యోగం అనుకుంటే నీ అసలు అడ్డంకి బోటనీ కాదు, తమిళ రాత. నియామక పరీక్షల్లో తమిళ అర్హత పేపరు ఉంటుంది. అందులో కనీస మార్కులు రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా దిద్దరు. పెరంబూరు, తండయార్‌పేట, చాకలిపేటల్లో మూడు తరాలుగా ఉన్న మన తెలుగు పిల్లలు తమిళంలో గలగలా మాట్లాడి, సినిమాలు చూసి, వ్యాసం రాయమంటే ఇక్కడే ఆగిపోతారు. పదో తరగతి తమిళ వాచకం తీసుకుని ఇప్పుడే మొదలుపెట్టు. రోజుకు ఒక పేజీ చూసిరాత, వారానికి ఒక ఉత్తరం. దీనికి కోచింగ్ సెంటరు వద్దు, మెట్ల దగ్గర కబుర్లు చెప్పే పక్కింటి ఆవిడ చాలు.

నీ తెలుగు కూడా ఊరికే పోదు. ఇక్కడ మొక్కలు గుర్తించడానికి ఇప్పటికీ చేతిలో పెట్టుకునేది గ్యాంబుల్ రాసిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షజాల గ్రంథమే. 1915లో మొదలై, ఆయన పోయాక ఫిషర్ చేతిలో 1936లో పూర్తయింది. ఆ ప్రెసిడెన్సీలో మీ నెల్లూరూ ఉంది, కర్నూలూ గోదావరీ ఉన్నాయి. చెన్నై నుంచి సూళ్లూరుపేట దాకా లోకల్ రైలు వెళ్తుంది. పులికాట్ చుట్టూ ఉన్న యానాదులకు తెలిసిన మొక్కల విద్య ఇంకా పూర్తిగా కాగితం మీదికి ఎక్కలేదు. వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడగల ఎమ్మెస్సీ విద్యార్థినులు గిండీలో ఎంతమంది ఉంటారు? ప్రాజెక్టు అంశం కోసం వెతుక్కునే రోజు వచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకో. వాళ్లు చెప్పింది వాళ్ల సమ్మతితో, వాళ్ల పేరుతో రాయాలి. మందు రహస్యం తీసుకుని చేతులు దులుపుకునే పరిశోధకులు ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారు.

ఈ ఏడాది మిగిలిన నెలల్లో ఒక పని చేయి. ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు పెట్టు. రెండు నెలలు ఏదైనా మంచి ప్రయోగశాలలో గడిపితే, ఈ జీవితం నీకు సరిపడుతుందో లేదో నా ఉత్తరం కంటే బాగా అదే చెబుతుంది. సరిపడదని తేలితే బ్యాంకు పరీక్షలకు చదువుకో. అందులో చిన్నతనం ఏమీ లేదు. నీట్ మాత్రం మూడోసారి వద్దు.

ఇక హెర్బేరియం షీట్లు. కొనవద్దు. పట్టుబడతావనే భయంతో చెప్పడం లేదు, చాలాచోట్ల ఎవరూ పట్టించుకోరు కూడా. ఇంతసేపూ నేను చెప్పిన నేర్పంతా ఆ షీట్ల దగ్గరే మొదలవుతుంది, దాన్ని అమ్మేసుకోవద్దని. అరుదైనవాటి కోసం అడవికి పోనక్కర్లేదు, గిండీ జాతీయ వనంలో అనుమతి లేకుండా ఆకు కూడా తెంచకూడదు. పెరంబూరు ఖాళీ స్థలాల్లో ఉత్తరేణి, కుప్పింట, పల్లేరు, అటికమామిడి, తుత్తురబెండ, నేల ఉసిరి, గడ్డిచామంతి దొరుకుతాయి. ఆకు, పువ్వు, వీలైతే కాయ, చిన్న మొక్కైతే వేరు కూడా ఉండేలా తీసుకో. పువ్వు రంగు అక్కడే రాసుకో, ఎండితే పోతుంది. ఊరు, తేదీ, నేల ఎలాంటిది, నీ సేకరణ సంఖ్య కూడా అప్పుడే రాయాలి. ఇంటికొచ్చాక రాస్తానంటే మరచిపోతావు. పాత తెలుగు పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టు, మొదటి వారం పేపర్లు రోజూ మార్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నైలో వానలు కాబట్టి ఒక్కరోజు మరిచినా బూజు పడుతుంది. మరీ ఎండకపోతే పేపరు పైనుంచి ఇస్త్రీపెట్టెతో గోరువెచ్చగా రుద్దవచ్చు. గంగవాయిలి లాంటి రసం నిండిన మొక్కలను ముందుగా ఒక్క క్షణం వేడినీటిలో ముంచి తీయి, లేకపోతే పేపర్ల మధ్య ఉండి కూడా చిగుర్లు వేస్తాయి.